షుగరు వైద్యంలో నిర్లక్ష్యం: నష్టపరిహారం కోసం శ్రీకాకుళం, విజయనగరం కుటుంబాలు ఏం చేయాలి

మా మేనత్త రేషన్ కార్డు దాచుకునే రేకు పెట్టెలో నాలుగు మడతలు పెట్టిన మందుల చీటీ ఒకటి ఉండేది. అరచేతిలో పట్టేంత కాగితం. ఎడమ పక్కన ‘జి.ఆర్.బి.ఎస్. 38’ అని (వేలి చుక్కతో చూసిన షుగరు, ప్రమాదకరంగా తక్కువ), దాని కింద గ్లూకోజు ఇంజెక్షన్ పేరు, వచ్చిన వేళ రాత్రి 7.40, పంపించిన వేళ 9.30. అడుగున పాత మందులే వాడాలని ఇంగ్లిషులో రెండు ముక్కలు. ఊరికి దగ్గరలోని ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో ఇచ్చిన చీటీ అది.

మామయ్యకు అప్పుడు 68 ఏళ్లు. షుగరుకు గ్లిబెన్‌క్లమైడ్ మాత్ర వేసుకునేవారు. మూడు నెలల క్రితం చేయించిన రక్తపరీక్షలో క్రియాటినిన్ 2.1 అని ఉంది, అంటే మూత్రపిండాలు సరిగా పనిచేయడం లేదు. ఆ మాత్ర మూత్రపిండాలు సరిగా పనిచేయని వృద్ధుల ఒంట్లో చాలాసేపు నిలిచిపోతుంది. గ్లూకోజు ఎక్కించగానే మనిషి లేచి కూర్చుంటాడు, గ్లూకోజు అరిగిపోయాక షుగరు మళ్లీ పడిపోతుంది. అందుకే ఇలాంటివారిని కనీసం ఒక రోజు ఆసుపత్రిలోనే ఉంచి, గంటగంటకూ షుగరు చూడాలి. మామయ్యను గంటా యాభై నిమిషాల్లో ఇంటికి పంపారు. తెల్లవారుజామున మూడు గంటలకు అత్త లేచి చూస్తే పక్క మొత్తం చెమటతో తడిసిపోయి ఉంది, పిలిస్తే పలకలేదు. ప్రాణం దక్కింది కానీ మాట పోయింది. 14 నెలలు మంచంలోనే గడిపారు.

మా కేసు నిలబడింది ఆ చీటీ మీదున్న రెండు వేళల వల్లే. ఆ తర్వాత తెలిసినవాళ్లు ఒక్కొక్కరే కాగితాలు పట్టుకుని మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. నేను వకీలును కాను. ఫిర్యాదులు రాయడంలో సాయపడుతూ, వినియోగదారుల కమిషన్ మెట్లు ఎక్కి దిగుతూ నేర్చుకున్నది ఇక్కడ వరసగా చెబుతాను.

మొదట తేల్చుకోవాల్సింది: ఇది నిర్లక్ష్యమా, జబ్బు ముదరడమా?

షుగరు మొండి జబ్బు. మంచి వైద్యం అందినా కొందరికి చూపు తగ్గుతుంది, కాలి వేలు పోతుంది. ఫలితం చెడ్డది కాబట్టి వైద్యుడు తప్పు చేశాడని చట్టం అనుకోదు. జాకబ్ మాథ్యూ కేసులో 2005లో సుప్రీంకోర్టు పెట్టిన కొలత ఇది: అదే చదువు, సగటు నైపుణ్యం ఉన్న మరో వైద్యుడు ఆ పరిస్థితిలో ఏం చేసి ఉండేవాడు? అందరిలోకీ గొప్ప వైద్యుడు చేసేది కాదు, సగటు వైద్యుడు చేసేది. మీరు మూడు చూపించాలి: వైద్యం చేసే బాధ్యత వారి మీద ఉంది, ఆ బాధ్యతలో ఫలానా పని చేయలేదు లేదా తప్పుగా చేశారు, ఆ పని వల్లే ఈ నష్టం జరిగింది. చాలా ఫిర్యాదులు మూడో మెట్టు దగ్గరే జారిపోతాయి.

షుగరు కేసుల్లో తప్పు ఎక్కడెక్కడ దాగి ఉంటుందో తెలిస్తే మీ కాగితాల్లో దేన్ని వెతకాలో తెలుస్తుంది.

షుగరు పడిపోయిన కేసుల్లో చూడాల్సింది ఎన్నిసార్లు పరీక్షించారు, ఎంతసేపు ఉంచారు, ఆ మాత్రనే మళ్లీ రాశారా అన్నది. పిల్లల్లో మరో రకం పొరపాటు జరుగుతుంది. పది పన్నెండేళ్ల పిల్లవాడు వాంతులు, కడుపునొప్పి, ఆయాసంతో వస్తాడు. కొన్ని వారాలుగా దాహం, అస్తమానం మూత్రం, బరువు తగ్గడం ఉంటాయి. దాన్ని అజీర్తి అనుకుని సెలైన్ పెట్టి పంపేస్తే, అది కీటోఅసిడోసిస్ (ఇన్సులిన్ చాలక రక్తం ఆమ్లంగా మారడం) అయితే, ప్రాణం మీదికి వస్తుంది. వేలి చివర ఒక్క చుక్క రక్తంతో నిమిషంలో తేలే పరీక్ష చేయలేదంటే కమిషన్ ముందు సమాధానం చెప్పుకోవడం వాళ్లకు కష్టం.

పాదం పుండు కేసుల్లో కాలక్రమమే సాక్ష్యం. కాలికి రక్తప్రసరణ ఎలా ఉందో డాప్లర్ చేయించారా, ఎముకకు చీము పట్టిందేమోనని ఎక్స్‌రే తీశారా, చీము తీసి శుభ్రం చేశారా, చేయిదాటిపోక ముందే పెద్దాసుపత్రికి పంపారా? మూడు వారాలు కట్టు మార్చి మార్చి, కాలు నల్లబడ్డాక పంపితే ఆ మూడు వారాల కట్లలో ప్రతి తేదీ మీకు ఉపయోగపడుతుంది.

ఇన్సులిన్ సిరంజి సంగతి కొంచెం ఆగి చెబుతాను, ఎందుకంటే దీన్ని ఇంట్లోనే పట్టుకోవచ్చు. మన దగ్గర దొరికే ఇన్సులిన్ సీసాల్లో ఎక్కువ భాగం మీద మిల్లీలీటరుకు 40 యూనిట్లు అని రాసి ఉంటుంది. వాటికి ఎర్ర మూత ఉన్న సిరంజి వాడాలి. 100 యూనిట్ల సీసాలకు నారింజ రంగు మూత సిరంజి. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో 40 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 40 కాదు, 100 యూనిట్లు. రెండున్నర రెట్లు. తిరగేసి 40 యూనిట్ల మందును నారింజ మూత సిరంజితో 40 గీత దాకా లాగితే 16 యూనిట్లే వెళ్తాయి, షుగరు ఎందుకు దిగడం లేదో ఎవరికీ అర్థం కాదు. ఆసుపత్రిలోగానీ మందుల షాపులోగానీ తప్పు సిరంజి ఇచ్చారనిపిస్తే సీసా, వాడిన సిరంజి, మూత, బిల్లు పారేయకండి. సూదిని గట్టి డబ్బాలో పెట్టి, ఫోటోలు తీసి దాచండి.

ఉద్దానం వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం వైపు మూత్రపిండాల జబ్బు షుగరు లేనివారికీ వస్తోంది, మూలకారణం ఇంకా తేలలేదు. కాబట్టి ఆసుపత్రి తరఫున మొదటి వాదన ‘ఇది మీ ప్రాంతపు జబ్బు, మా మందుకు సంబంధం లేదు’ అనే వస్తుంది. జబ్బు వాళ్ల వల్ల పుట్టిందని మీరు వాదించవద్దు, ఓడిపోతారు. ఇలాంటి ప్రాంతపు రోగికి షుగరు మందులు, నొప్పి మాత్రలు రాసేముందు క్రియాటినిన్ చూడటం మరింత అవసరం కదా, ఎందుకు చూడలేదు అని అడగండి. మూత్రపిండాల వడపోత (రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ అని ఉంటుంది) 30 కంటే తగ్గితే మెట్‌ఫార్మిన్ వాడకూడదు. ఆ సంగతి తెలియాలంటే ముందు పరీక్ష రాయాలి.

ముందు మనిషి, తర్వాత కేసు

రోగి ఇంకా ప్రమాదంలో ఉంటే వాదనలు పక్కన పెట్టి మరో ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడి వైద్యుడికి జరిగిందంతా చెప్పండి. ఆయన మొదటి పేజీలో రాసే పూర్వ వివరాలు, చేరేటప్పటి షుగరు విలువ తర్వాత మీకు అతి బలమైన సాక్ష్యం అవుతాయి. గొడవ, ఆసుపత్రి అద్దాలు పగలగొట్టడం, వైద్యుడి మీద చేయి చేసుకోవడం వద్దు. అది నేరం, పైగా ఆ క్షణం నుంచి కేసులో దోషులు మీరవుతారు.

చెప్పడానికి నోరు రాని విషయం ఇంకొకటి ఉంది. మనిషి పోయినప్పుడు, నిర్లక్ష్యం అనుమానం గట్టిగా ఉంటే, శవపరీక్ష అడగండి. ఆ ఘడియలో అది ఎంత కష్టమో నాకు తెలుసు. దహనం అయిపోయాక మరణానికి కారణం ఏమిటో చెప్పే దారి చాలావరకు మూసుకుపోతుంది, నేను చూసిన రెండు కేసులు అక్కడే ఆగిపోయాయి.

కాగితాలు: 72 గంటల హక్కు

వైద్యుల ప్రవర్తనపై 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం రోగి లేదా ఆయన అధికారం ఇచ్చిన మనిషి అడిగితే వైద్య రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలి. ఇన్‌పేషెంటు రికార్డులను వైద్యం మొదలైన రోజు నుంచి మూడేళ్లు దాచాలి. నోటితో అడగవద్దు. తెల్లకాగితం మీద రాసి, ఒక కాపీ మీద ఆసుపత్రి ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోవడానికి ఒప్పుకోకపోతే రసీదు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి. ఇవ్వకుండా దాచారంటే ఆ దాపరికాన్నే వారికి వ్యతిరేకంగా చూడమని కమిషన్‌ను కోరవచ్చు.

డిశ్చార్జి సమ్మరీ ఒక్కటి ఇచ్చి సరిపెట్టబోతారు. అది కథ చివర రాసే సారాంశం మాత్రమే. మీకు కావాల్సింది పూర్తి కేస్ షీటు: నర్సులు వేళలతో షుగరు రాసే చార్టు, ఇన్సులిన్ ఇచ్చిన మోతాదుల పట్టీ, వైద్యుడు రౌండ్లకు వచ్చి రాసిన నోట్సు, ల్యాబు రిపోర్టులు, సమ్మతి పత్రం, బిల్లులు. నర్సుల చార్టు ఎందుకు ముఖ్యమో ఒక్కసారి చూస్తే తెలుస్తుంది. రాత్రి 10కి 210, ఉదయం 6కి 41, మధ్యలో ఖాళీ గడులు. ఆ ఖాళీ గడులే మీ కేసు.

ఇంట్లో ఉన్నవి కూడా పోగు చేయండి. గ్లూకోమీటరు పాత రీడింగులను గుర్తుపెట్టుకుంటుంది, బ్యాటరీ తీసేయకుండా తెర మీది ప్రతి రీడింగును ఫోటో తీయండి. ఆ రాత్రి ఎవరికి ఎప్పుడు ఫోను చేశారో ఫోనులోనే ఉంటుంది. మందుల రేకుల మీద బ్యాచి సంఖ్య కూడా కనిపించాలి.

ఇవన్నీ చేతికి వచ్చాక ఒక పొడవు నోటు పుస్తకంలో మూడు గళ్లు గీయండి: తేదీ-వేళ, ఏం జరిగింది, దానికి ఏ కాగితం ఆధారం. మూడో గడి ఖాళీగా ఉన్న వాక్యాన్ని ఫిర్యాదులో బలంగా చెప్పవద్దు. అత్త చెబుతుంటే నేను రాసిన ఆ పట్టిక నాలుగు పేజీలు వచ్చింది, ఫిర్యాదు మొత్తం దాని మీదే కట్టాం.

మరో వైద్యుడి మాట

ప్రతి కేసులోనూ నిపుణుడి అభిప్రాయం తప్పనిసరి కాదని 2010లో వి.కిషన్‌రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది హైదరాబాదు కేసు. మలేరియాను పట్టుకోకుండా టైఫాయిడ్ వైద్యం చేస్తే ఆయన భార్య చనిపోయారు. తప్పు కంటికి కనిపించేలా ఉంటే నిపుణుడు అక్కర్లేదు. అయినా నా సలహా, దొరికితే తప్పక తీసుకోండి. కాలు తీసేయడం తప్పేదా, మూత్రపిండాలు ఏ మందుతో దెబ్బతిన్నాయి వంటి ప్రశ్నలకు అది లేకుండా నిలబడటం కష్టం. అదే ఊరి వైద్యులు సాటివారి మీద రాయడానికి వెనకాడతారు. విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో షుగరు నిపుణుడికి కాగితాలు చూపించి, ‘వైద్యుడు తప్పు చేశాడా’ అని కాకుండా ‘ఈ షుగరు విలువతో వచ్చిన రోగిని ఎంతసేపు ఉంచాలి’ అని అడగండి. అలా అడిగితే రాసిస్తారు.

ఏ తలుపు తట్టాలి?

డబ్బు రూపంలో పరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్. మన వాళ్లు ఇప్పటికీ ఫోరం అనే అంటారు. శ్రీకాకుళంలో ఒకటి, విజయనగరంలో ఒకటి ఉన్నాయి. వైద్యం కూడా సేవే అని 1995లో వి.పి.శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బిల్లు బీమా సంస్థో, పనిచేసే కంపెనీయో కట్టినా రోగి వినియోగదారుడే. ఆరోగ్యశ్రీ కార్డు మీద ప్రైవేటు ఆసుపత్రిలో చేరినవారు కూడా ప్రభుత్వం డబ్బు కట్టిందన్న ఇదే తర్కం మీద వాదించాలి, అనుమతి కాగితాలు దాచుకోండి.

అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వ ఆసుపత్రి మీద మాత్రం వినియోగదారుల చట్టం వర్తించదు. అక్కడ సివిల్ కోర్టులో దావా, లేదా హైకోర్టులో రిట్ పిటిషన్ దారులు. రికార్డులు సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో ఇవ్వాలి. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ దగ్గరికి వెళ్తే మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును పెడతారు. ఫోను 15100.

రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేస్తే వైద్యుడి రిజిస్ట్రేషన్ మీద చర్య ఉండవచ్చు, పరిహారం రాదు. పోలీసు కేసు అతి తీవ్రమైన నిర్లక్ష్యానికే. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద వైద్యుడికి రెండేళ్ల వరకు జైలు పడవచ్చు, కానీ ముందు స్వతంత్ర వైద్యుడి అభిప్రాయం తీసుకోవాలని జాకబ్ మాథ్యూ తీర్పు చెప్పింది. భయపెట్టి డబ్బు రాబట్టడానికి పోలీసు కేసు పెట్టడం నాకు సమ్మతం కాదు.

ఊళ్లో ఆర్ఎంపీ చేసిన వైద్యం వేరే లెక్క. తాను చదవని పద్ధతిలో మందు ఇవ్వడమే నిర్లక్ష్యం అని 1996లో పూనం వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అక్కడ హోమియో వైద్యుడు అల్లోపతి మందులిచ్చాడు. ఇన్సులిన్ ఆపించి చూర్ణం అమ్మినవాడి మీద కూడా ఈ తీర్పు చూపించవచ్చు. జిల్లా వైద్య, ఆరోగ్యాధికారికి కూడా ఒక ఫిర్యాదు ఇవ్వండి.

నోటీసు, ఫిర్యాదు

ముందుగా ఆసుపత్రికి, వైద్యుడికి నోటీసు పంపడం ఆచారం. రెండు పేజీలు మించనవసరం లేదు: ఏం జరిగింది, ఏం చేయలేదు, ఎంత నష్టం, ఇన్ని రోజుల్లో సమాధానం ఇవ్వండి. తిట్లు రాయవద్దు. వాళ్లు ఇచ్చే జవాబులో ఒప్పుకున్న ప్రతి తేదీ మీకు లాభమే.

గడువు రెండేళ్లు. ఘటన జరిగిన నాటి నుంచి లెక్క. ఆలస్యమైతే బలమైన కారణం చూపి మన్నించమని అడగాలి, దాని మీద ఆధారపడకండి. ఆసుపత్రి వాళ్లు ‘మాట్లాడుకుందాం’ అంటూ ఏడాదిన్నర గడిపేసిన కుటుంబాలను చూశాను.

2019 వినియోగదారుల రక్షణ చట్టం తెచ్చిన గొప్ప మేలు ఇది: వైద్యం ఎక్కడ చేయించుకున్నా మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. టెక్కలి మనిషి విశాఖపట్నం ఆసుపత్రి మీద శ్రీకాకుళంలో, రాజాం మనిషి విజయనగరంలో వేసుకోవచ్చు. ఏ కమిషన్ అన్నది మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, కట్టిన బిల్లును బట్టి. బిల్లు 50 లక్షల రూపాయల లోపైతే జిల్లా కమిషనే. 5 లక్షల లోపైతే రుసుము లేదు, 10 లక్షల లోపు రూ.200, 20 లక్షల లోపు రూ.400, 50 లక్షల లోపు రూ.1,000. వకీలు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి వెబ్‌సైటులో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, సందేహాలకు 1915కు ఫోను చేయండి. రోగి మరణిస్తే వారసులు, మైనరైతే తల్లిదండ్రులు వేయవచ్చు.

ఫిర్యాదులో ఆసుపత్రిని తప్పక ప్రతివాదిగా చేర్చండి. ఏ వైద్యుడు, ఏ నర్సు అన్నది మీకు తెలియకపోయినా ఆసుపత్రి జవాబుదారీ అని 2004లో సవితా గార్గ్ కేసులో తీర్పు ఉంది. నోటు పుస్తకంలోని పట్టికనే పేరాలుగా మార్చి, ప్రతి పేరాకూ జత కాగితం సంఖ్య వేయండి. అఫిడవిట్టు జతచేయండి.

పరిహారం అంకె గాలిలోంచి తీయవద్దు. ఆ వైద్యానికి, తర్వాతి వైద్యానికి అయిన ఖర్చు బిల్లులతో. పోయిన సంపాదన. జీడితోటలో కూలికి వెళ్లే మనిషికి జీతం చీటీ ఉండదు కాబట్టి మేస్త్రీ చేత, ఉపాధి హామీ జాబ్ కార్డుతో చూపించండి. కృత్రిమ కాలు, డయాలసిస్ ప్రయాణాలు, మంచంలో ఉన్నవారిని చూసుకోవడానికి ఇంట్లో ఒకరు పని మానేయడం, బాధ, వడ్డీ. 2013లో కుణాల్ సాహా కేసులో సుప్రీంకోర్టు 6.08 కోట్ల రూపాయలు ఇచ్చిందని విని అందరూ ఆశపడతారు. కిషన్‌రావుకు జిల్లా ఫోరం ఇచ్చింది 2 లక్షల రూపాయలు. ఆ తేడా వెనక సంపాదన లెక్కలు ఉన్నాయి.

వేశాక ఏం జరుగుతుంది

ప్రతివాది 30 రోజుల్లో, మహా అయితే మరో 15 రోజుల్లో జవాబు వేయాలి. ఆపై గడువు పెంచే అధికారం కమిషన్‌కు లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ 45వ రోజు క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. మూడు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది, నిజానికి అంతకంటే చాలా ఎక్కువే పడుతుంది. ఇరుపక్షాలూ ఒప్పుకుంటే మధ్యవర్తిత్వానికి పంపుతారు. ఇంట్లో రోగి ఉండి డబ్బు వెంటనే అవసరమైతే దాన్ని తోసిపుచ్చకండి.

‘రోగి పథ్యం చేయలేదు’ అన్న వాదన తప్పక వస్తుంది. నిజంగా చేయకపోతే ఒప్పుకోండి. పెళ్లిలో మిఠాయి తిన్న మాట నిజమే, కానీ 38 షుగరుతో వచ్చిన మనిషిని రెండు గంటల లోపే పంపడానికి మిఠాయి కారణం కాదు. పథ్యం గురించి రోగికి చెప్పినట్టు వాళ్ల రికార్డులో ఎక్కడ ఉందో చూపమని అడగండి. ‘సంతకం పెట్టారు’ అన్న వాదన రెండోది. అర్థమయ్యేలా వివరించి తీసుకున్నదే సమ్మతి అని 2008లో సమీరా కోహ్లీ తీర్పు చెప్పింది, అయినా ఏ సమ్మతి పత్రమూ నిర్లక్ష్యానికి అనుమతి కాదు.

తీర్పు ఎవరికి వ్యతిరేకంగా వచ్చినా 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. డబ్బు కట్టాల్సిన పక్షం అప్పీలు చేయాలంటే ముందు అందులో సగం జమ చేయాలి. అప్పీలూ లేక, డబ్బూ రాకపోతే అదే జిల్లా కమిషన్‌లో అమలు పిటిషన్ వేయండి. 2019 చట్టం 71వ సెక్షన్ కింద సివిల్ కోర్టు తీర్పులా వసూలు చేస్తారు, 72వ సెక్షన్ కింద నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, లేదా రూ.25,000కు తగ్గని జరిమానా, లేదా రెండూ వేయవచ్చు. మా కేసులో గడువు దాటి రెండు నెలలైనా డబ్బు రాలేదు. అమలు పిటిషన్ నోటీసు అందిన తర్వాతి వాయిదాకు చెక్కు వచ్చింది. అత్త దాన్ని ఇంటికి తెచ్చి, బ్యాంకుకు వెళ్లేదాకా ఆ రేకు పెట్టెలోనే, చీటీ పక్కన పెట్టింది.